నీడన విప్పిన రీలు

మొన్న మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటుంటే, గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి మా నాయన పేరు చెప్పి ఆయన కూతురు మీరేనా అని అడిగింది. ఆయన పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. ఈ కడపలో నేను ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పిన టీచరమ్మను. రిటైరైన తర్వాత ఆ సంగతీ అందరూ మర్చిపోయారు. అవును నేనేనన్నాను. ఆ పిల్ల చెప్పులు గేటు బయటే విడిచి, గుళ్లోకి వచ్చినట్టు లోపలికి వచ్చింది. దాంతోనే నాకు భయం వేసింది. నాలాంటిదాని ఇంటికి అంత భక్తిగా ఎవరొస్తారు?

హైదరాబాదులో చదువుకుంటోందట. ఒక సినిమా డైరెక్టరు జీవితం మీద పుస్తకం రాస్తోందట. సెట్టింగులు లేకుండా, పేరున్న నటులు లేకుండా, మన సీమ మాటతో, మన మనుషులతోనే సినిమా తీసిన మొదటి మనిషి ఆయనేనట. ఆయన తీసిన మొదటి సినిమా ఎక్కడో పాత బీరువాలో దొరికితే శుభ్రం చేయించి కంప్యూటరులోకి ఎక్కించారట. "రాట్నం దగ్గర కూర్చున్న పాప మీరే కదమ్మా?" అంటూ సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. నేను ముందు మజ్జిగ తాగమని లోపలికి పోయాను. నిజానికి ఆ తెర చూడకుండా ఉండటానికే పోయాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఊరు కోసిగికి దగ్గర, వాన కంటే వాన గురించిన మాటలే ఎక్కువ కురిసే ఊరు. మాది నేతవాళ్ల వీధి. తెల్లవారుజామున మగ్గానికెక్కే పడుగు దారాలు వీధి పొడవునా చాచి గంజి పెట్టేవాళ్లు. ఆ పులిసిన గంజి వాసన, పక్కింటి సాయిబు తాత నూలుకు రంగులు కాచే డేగిసాల ఘాటు, అమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన, ఈ మూడూ కలిస్తే తెల్లారినట్టు. ఇప్పుడు ఎక్కడైనా గంజి వాసన తగిలితే నాకు ఆకలి వెయ్యదు, అక్కడి నుంచి లేచి పోతాను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

డైరెక్టరు నందికొట్కూరు దిక్కువాడు. మద్రాసులో చాలా ఏళ్లు ఎవరి దగ్గరో పనిచేసి, అట్టముక్కల బావులకు రంగులేసి తోడినట్టు నటించే సినిమాలు తనవల్ల కావని వచ్చేశాడట. పొడుగాటి మనిషి, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలు. వెంట ఒక కెమెరామాన్ ఉండేవాడు. సన్నగా నులకతాడులా ఉండే అరవాయన. పొద్దున్నే మా అమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని కోసం మా గడపలోనే కూర్చునేవాడు. ఆయన ఆకులోంచి మిరపకాయ బజ్జీలు నేను కాజేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. వాళ్లిద్దరూ అన్నదమ్ముల కంటే ఎక్కువగా ఉండేవాళ్లు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు లేచి ఆ పని చేసేవాళ్లు.

ఊళ్లో అందరూ డైరెక్టరప్ప అనేవాళ్లు. సినిమా అంటే పాటలు, గుర్రాలు ఉంటాయని ఎదురుచూసిన మా వీధికి ఆయన పెద్ద నిరాశ. మమ్మల్ని మా పనులే చేసుకోమనేవాడు. మంచి చీర కట్టుకుని ఎదురొచ్చిన ఆడవాళ్లను వెనక్కి పంపి పాతదే కట్టుకుని రమ్మనేవాడు. కెమెరా ముందు ఎవరైనా పుస్తకంలో మాట మాట్లాడితే ఆపేసేవాడు. మా నాయన ఒకసారి గొంతు సవరించుకుని "నేను మగ్గము నేయుచున్నాను" అన్నాడు. డైరెక్టరప్ప నవ్వలేదు. దగ్గరికొచ్చి, "అన్నా, వదినతో ఎట్ల మాట్లాడతావో అట్లనే మాట్లాడు, మన మాటకు ఏం తక్కువైందని?" అన్నాడు. ఆ రోజు మా నాయన అన్నం తినేటప్పుడు కూడా ఆ మాటే తలుచుకున్నాడు. మన మాటకేం తక్కువ అని ఆయనతో అంతకుముందు ఎవరూ అనలేదు.

అసలు గొడవ ఎండతో వచ్చింది. తీసిన రీలును మద్రాసు పంపి కడిగించేదాకా చల్లగా ఉంచాలట. లేకపోతే పాడైపోతుందట. శివరాత్రి దాటితే మా ఊళ్లో రాళ్లకు కూడా చెమట పడుతుంది. ఊరంతా వెతికితే చల్లటి చోటు ఒక్కటే ఉంది, మగ్గం గుంట. కాళ్లు కిందికి పెట్టి నేసే గుంట మగ్గం మాది. నూలు తెగకుండా మట్టికి తడి ఉండాలని అమ్మ రోజూ నీళ్లు చిలకరించేది. ఆ గుంటలో ఒక పక్కన గూడు తవ్వి, తీసిన రీళ్ల డబ్బాలను అందులో పెట్టారు. మా నాయన వాటి పక్కనే కాళ్లు ఆడిస్తూ నేసేవాడు. నాతో డైరెక్టరప్ప ప్రత్యేకంగా చెప్పాడు. "పాపా, వీటికి వెలుగు తగలగూడదు. తగిలిందంటే లోపలుండే బొమ్మలన్నీ పోతాయి."

నాకు అది బాగా అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను. రంగు నూలు సంగతి పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్నే కదా. సాయిబు తాత రంగు వేసిన నూలు చిలపలను ఎండలో వేయనిచ్చేవాడు కాదు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, అందుకే పందిరి నీడలో ఆరబెట్టేవాళ్లం. వెలుగు అంటే నాకు ఎండే. నీడలో ఉంటే దేనికీ ఏమీ కాదు. కెమెరామాన్ ఏ రీలు మార్చినా నల్లసంచిలో చేతులు దూర్చి, చూడకుండా తడుముతూ మార్చడం నేను రోజూ చూశాను. వీధిలో ఎండ ఉంది కాబట్టి సంచి అనుకున్నాను.

ఆ నల్లసంచి మా అమ్మ కుట్టిందే. వాళ్లు తెచ్చుకున్నది చిరిగిపోతే, సాయిబు తాత మా నాయన నేసిన గుడ్డకు రెండుసార్లు నలుపు పట్టించాడు. అమ్మ రెండు పొరలు వేసి, చేతులు దూర్చుకోవడానికి రెండు గొట్టాలు పెట్టి, కుట్టు మీద కుట్టు వేసింది. డైరెక్టరప్ప దాన్ని తలమీద కప్పుకుని సూర్యుడి వైపు చూసి, ఒక్క చుక్క వెలుగు రాలేదని ఊరందరికీ చెప్పాడు. అమ్మ సిగ్గుపడి లోపలికి పోయింది.

అమ్మ కెమెరా వైపు చూసేది కాదు. పరాయి మగవాళ్లు కన్ను పెట్టి చూస్తుంటే తలెత్తడం ఎట్లా అనేది. ఆమెను ఎన్నిసార్లు తీసినా వీపో, చేతులో, కొప్పో వచ్చేవి. ఆ ఏడు నూలు రావడం నిలిచిపోయింది. వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాయి. మా వైపు పనుల్లేనప్పుడు మిరప కోతలకు గుంటూరు దిక్కు గుంపులుగా పోతారు, దాన్ని సుగ్గి అంటాం. నేతవాళ్లు సుగ్గికి పోవడం అంతకుముందు లేదు. ఆ ఏడు అమ్మ పేరు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర రాయించారు. లారీ మర్నాడనగా డైరెక్టరప్ప వచ్చి, "అక్కా, ఈ సినిమా అంతా నీ గురించే. నువ్వు ఒక్కసారన్నా తలెత్తకపోతే నేను తీసిందంతా వట్టిదే," అన్నాడు. అంతవరకు వదినా అన్న మనిషి ఆ రోజు అక్కా అన్నాడు.

అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నేను పక్కన నూలు అందిస్తున్నాను. కెమెరా మొదలైన వెంటనే ఆయన అక్కా అని పిలిచాడు. అమ్మ తలెత్తింది. ఎత్తిన తల మళ్లీ దించలేదు. చేత్తో రాట్నం తిప్పుతూనే ఆ కెమెరా కన్నులోకి సూటిగా చూస్తూ మాట్లాడింది, నవ్వింది, కసురుకుంది. రీలు అయిపోయేదాకా చూస్తూనే ఉంది. కెమెరామాన్ కెమెరా మీద నుంచి కన్ను తీసి తుడుచుకోవడం నేను చూశాను. డైరెక్టరప్ప ఆ డబ్బాకు తనే తెల్లపట్టీ చుట్టి, దానిమీద నల్లగా ఒక గుర్తు పెట్టి, తనే గుంటలోకి దిగి పెట్టి వచ్చాడు. నా జన్మకు ఇది చాలు అన్నాడు మా నాయనతో.

మర్నాడు లారీ వచ్చింది. ఊరిబిండి పచ్చడి పూసిన రొట్టెలు మూటగట్టుకుని, వచ్చేటప్పుడు నాకు గాజులు తెస్తానని చెప్పి అమ్మ ఎక్కింది. డైరెక్టరప్ప, కెమెరామాన్ మిగిలిన ఊళ్లు తీసుకోవడానికి మంత్రాలయం దిక్కుకు పోయారు. అంతా అయ్యాక డబ్బాలన్నీ ఒకేసారి మద్రాసు తీసుకుపోతామన్నారు.

మూడు వారాలకు మేస్త్రీ ఒక్కడే వచ్చాడు. అమ్మ చద్ది గిన్నె తెచ్చి గడప మీద పెట్టాడు. వాంతులు, బేదులు పట్టుకుని రెండు రోజుల్లో పోయిందట. ఎండకు ఆగదని అక్కడే కాలువ గట్టున మట్టి చేశారట. మా నాయన ఏడవలేదు. మేస్త్రీకి మంచినీళ్లిచ్చి, ఏ గట్టున అని అడిగాడు. మేస్త్రీకి ఆ ఊరి పేరు కూడా సరిగ్గా తెలియదు.

మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. పది రోజులు గడిచేసరికి నాకు అమ్మ మొహం సరిగ్గా అందడం మానేసింది. ముక్కుపుడక గుర్తొస్తే కళ్లు గుర్తొచ్చేవి కావు. అమ్మ గుంటలో డబ్బాలో ఉంది కదా అనే ఆలోచన అప్పుడే వచ్చింది. ఒక మధ్యాహ్నం నాయన సాయిబు తాత ఇంటికి పోయినప్పుడు నేను గుంటలోకి దిగాను. దిగేముందు తలుపు దగ్గరికి వేశాను. ఎండ ఒక్క చుక్క కూడా లోపలికి రాకుండా నాయన పంచె కిటికీకి కట్టాను. అంత జాగ్రత్త తీసుకున్నాను. నాకు కండె కనిపించేంత వెలుగు మాత్రమే మిగిలింది. నీడే అనుకున్నాను.

గుర్తున్న డబ్బా తీసి పట్టీ విప్పాను. నల్లకాగితం లోపల రీలు చుట్ట ఉంది. మొదటి మూర లాగి చూశాను, బూడిద రంగు తప్ప ఏమీ లేదు. ఇంకో మూర లాగాను. అమ్మ ఇంకా లోపల ఉంటుందనుకుని లాగుతూనే పోయాను. గుంట నిండా రీలు చేరి మోకాళ్ల దాకా వచ్చింది. అంతా బూడిద రంగే. ఏ ముక్కలోనూ అమ్మ లేదు. చివరికి రెండు మూరల చుట్ట మిగిలిందనగా వీధిలో నాయన దగ్గు వినిపించింది. గబగబా చుట్టేశాను. అయిదేళ్లప్పటి నుంచి కండెలు చుట్టిన చేతులు, ఒక్క మెలిక పడకుండా మొదటికంటే బిగువుగా చుట్టాయి. పట్టీ అంటుకోకపోతే వేలితో గంజి తీసి పూశాను. నాయన వచ్చేసరికి నేను మగ్గం మీద బల్లిని తోలుతున్నాను.

డబ్బాలు మద్రాసు పోయాయి. నెలకు డైరెక్టరప్ప ఒక్కడే వచ్చాడు, మనిషి సగమయ్యాడు. అమ్మ రీలుకు వెలుగు తగిలిందని లాబులో చెప్పారట. మొదట తీసింది చుట్ట అడుగున ఉంటుందట, ఆ రెండు క్షణాలు తప్ప తక్కినదంతా తెల్లగా అయిపోయిందట. కెమెరాలో ఎక్కడో సందు పెట్టుకుని వెలుగు దూరనిచ్చావని కెమెరామాన్‌ను నలుగురిలో అనరాని మాటలన్నాడట. ఆయన కెమెరా అక్కడే పెట్టి వెళ్లిపోయాడట. ఇదంతా మా నాయనతో చెబుతూ గడప మీదే కూలబడ్డాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు దెబ్బలు పడేవి. ఆ రెండు దెబ్బలకు భయపడి ఊరుకున్నాను.

ఆయన పోయిన తర్వాత నాయన, డబ్బాలు తీసుకుపోయేటప్పుడు వాళ్లు మా ఇంట్లో వదిలిన నల్లసంచిని అటక మీద నుంచి దించాడు. అరుగు మీదికి తెచ్చి, లోపలికి చేయి దూర్చి, సూర్యుడికెదురుగా పట్టుకుని కుట్టు కుట్టూ వెతికాడు. అమ్మ ఎక్కడైనా ఒక కుట్టు తప్పిందేమోనని. మర్నాడు కూడా వెతికాడు. సాయిబు తాత వచ్చి, "ఇంగ వదిలిపెట్టప్పా, నీ పెండ్లాం చేతిలో తప్పుండదు," అని సంచి లాక్కునేదాకా వెతికాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

సినిమాను మొదట మా వాళ్లకే చూపిస్తానని డైరెక్టరప్ప మాట ఇచ్చాడు. పక్క ఊళ్లో మూతబడిన పత్తి గోదాములో పట్టపగలు, సందులకు గోనెపట్టాలు కొట్టి ఆట వేశారు. తెర మా నాయనే నేశాడు. తెల్లగా, అంచు లేకుండా కావాలని ఆయన కబురు పంపాడు. మా ఇళ్లలో అంచు లేని తెల్లగుడ్డ శవానికే నేస్తారు. నాయన ఎర్ర అంచు వేసి, రెండు పన్నాలు కలిపి కుట్టించి పంపాడు. డైరెక్టరప్ప దాన్నే కట్టించాడు.

అందరూ తమను తాము చూసుకుని కేకలు పెట్టారు. మా నాయన మగ్గం మాట వచ్చినప్పుడు గోదామంతా ఈలలు వేసింది. తర్వాత రాట్నం వచ్చింది. అమ్మ చేయి వచ్చింది. అక్కా అని పిలుపు వినిపించింది. అమ్మ తల తిప్పబోయింది. అంతలో తెర మొత్తం తెల్లబడింది. కెమెరాతో కాకుండా విడిగా టేపు మీద పట్టిన మాటకు వెలుగుతో పనిలేదు కాబట్టి అది చెడలేదు. తెల్లటి తెర మీద రాట్నం కిర్రుమంటూనే ఉంది, అమ్మ మాట్లాడుతూనే ఉంది. ఆ వెలుతురులో అందరి మొహాలూ కనిపిస్తున్నాయి, చుట్టూ ఎర్ర అంచు కనిపిస్తోంది, అమ్మ మాత్రం లేదు. నాయనకు రీలు పోయిందని ముందే తెలుసు. అయినా పక్కనున్న సాయిబు తాత చేయి పట్టుకుని, "గొంతుండాది గదా, మనిషి యాడికి పోతాది? వస్తాది, ఉండు," అన్నాడు. ఆ తెలుపు నడిచిన నాలుగు నిమిషాలూ అట్లాగే కూర్చున్నాడు. తర్వాత ఎవరిదో పొలం వచ్చింది.

ఆ సినిమా హాళ్లకు రాలేదు. కొనేవాళ్లు లేరు. డైరెక్టరప్ప తనే ప్రొజెక్టరు మోసుకుని సంతలకు, బడులకు తిరిగాడని విన్నాను. ఆ తర్వాత మూడు సినిమాలు తీశాడు. వాటిలో మనుషులే లేరు. ఎండిన బావులు, తాళం పెట్టిన తలుపులు, లారీ పోయిన దారులు, అంతే. ఏ ఒక్క మొహం కూడా లేదు.

నాకు పెళ్లయి, పిల్లలు బడికి పోయే వయసులో కర్నూలు బస్టాండులో ఆయన ఎదురయ్యాడు. తల నెరిసింది, మెడలో తడి తువ్వాలు అట్లాగే ఉంది. నన్ను చూసి గబుక్కున నిలబడిపోయాడు. "అచ్చం అక్క మాదిరే ఉండావు తల్లీ," అన్నాడు. బెంచీ మీద కూర్చున్నాం. నాయన పోయాడని చెబితే తల దించుకున్నాడు. మళ్లీ మొహాలు ఎందుకు తీయలేదని నేనే అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"చెయ్యి ఆడలేదమ్మా. కెమెరాలో సందు లేదని శానా రోజులకు తెలిసింది. డబ్బాకు పట్టీ ఏసింది నేనే, బిగువుగా ఏసి ఉండను. ఆ మనిషిని ఊరికే తిట్టినా. కాళ్లు పట్టుకుందామని మద్రాసుకు పోతే ఆయన లేడు, పోయినాడు. ఇంగ ఎవురి మొగం తీసినా పోగొడతానని భయం."

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. డైరెక్టరప్పా అని పిలిచాను కూడా. ఆయన తలెత్తి చూశాడు. కడప బస్సు హారను కొట్టింది, మా చిన్నది చెయ్యి పట్టి లాగింది. మళ్లీ కలిసినప్పుడు చెబుదామని ఎక్కేశాను. పెద్దాసుపత్రిలో ఒంటరిగా పోయాడని రెండేళ్ల తర్వాత పేపరులో చూశాను. నాలుగు వరసలు కూడా లేవు.

మళ్లీ మొన్నటి మధ్యాహ్నానికి వస్తే, ఈ పిల్ల మా వరండాలో లాప్‌టాప్ పెట్టి ఆ నాలుగు నిమిషాలే చూపిస్తోంది. వలసపోయిన ఆడమనిషిని తెల్లటి తెరగా చూపించడం ఎంత సాహసమో, అంతకుముందు ఎవరూ చేయలేదని చెబుతోంది. తర్వాతి సినిమాల్లో మొహాలు లేకపోవడానికి బీజం ఇక్కడే ఉందట. పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఈ తెలుపు మీదేనట. "ఎందుకట్లా చేశారో మీతో ఎప్పుడైనా చెప్పారా అమ్మా?" అని అడిగింది. ఫోను ముందు పెట్టి నా మాట రికార్డు చేస్తోంది. కళ్లు మెరుస్తున్నాయి. చెప్పలేదన్నాను. ఈ మాట ఎన్నోసారో లెక్క పెట్టుకోండి. ఆ పిల్ల పోయాక కూర్చుని ఇది రాస్తున్నాను. రాయడం చెప్పడం కాదని నాకు తెలుసు. అమ్మ, నాయన, డైరెక్టరప్ప, కెమెరామాన్, వినాల్సిన ఈ నలుగురిలో ఒక్కరూ లేరు.

ఆ పిల్ల పోయేముందు ఇంకోసారి పెట్టమన్నాను. అమ్మ చేయి వచ్చింది. నూలు అందిస్తూ పక్కన నేనున్నాను, బుగ్గలు ఊది, ఏమీ తెలియకుండా. అక్కా అని పిలుపు. అమ్మ చెవి కమ్మ కదిలింది, చెంప అంచు కనిపించింది, తల తిరగబోతోంది. అక్కడ ఆపమన్నాను. ఆపింది. చాలాసేపు చూశాను. నేను గుంటలో విప్పకుండా వదిలిన రెండు మూరలు అంతవరకే. తర్వాత పోనివ్వమన్నాను. తెర తెల్లబడింది. రాట్నం చప్పుడు మధ్యలోంచి అమ్మ నవ్వుతూ కసురుకుంటోంది.

"ఏం తీస్తాండావప్పా అంతగనం? ఈ మొగం ఎవురు జూస్తారు?"